చెరువు ఒడ్డున విప్పించినవి

గుండ్లపోచంపల్లి,
17 ఫిబ్రవరి 2025, సోమవారం

ప్రభువు పనిలో సేవకుడు, పొట్టకూటికి గోదాములో డబ్బాలు మోసేవాడు అయిన అబ్రహాం, దేవరయాంజాల్‌లోని తన అక్క దానమ్మకు రాసేది. నీకూ నీ ఇంటికీ సమాధానం కలుగును గాక!

అక్కా, ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదు. అపొస్తలులు మాత్రం ఫోన్లు చేశారా, ఉత్తరాలే కదా రాశారు అనుకుని కాగితం పట్టుకున్నాను. సుస్మిత రోజూ మీ ఊరి నుంచి మేడ్చల్ బట్టల షాపుకు వస్తుంది కాబట్టి ఆమె చేతికిస్తున్నాను. జవాబు కూడా ఆమెకే ఇవ్వు.

ఈ నెల మొదటి ఆదివారం శామీర్‌పేట చెరువులో జరిగిన బాప్తిస్మాలు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. నువ్వే నడిపించుకొచ్చిన ఆత్మ, నీ పొరుగింటి వజ్రమ్మ! తెల్లచీర కట్టుకుని ఆమె నీళ్లలోంచి పైకి లేచినప్పుడు పరలోకంలో పండుగ జరిగిందని నాకు సందేహం లేదు. ఒడ్డుకు రాగానే నేను చెప్పిన మాటకు ఎదురు చెప్పకుండా మెడలో పుస్తెలతాడు విప్పింది. మెట్టెలు బిగుసుకుపోయి రాకపోతే, ఆమె భర్త గౌరయ్యే తన ట్రాలీ ఆటోలోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చిచ్చాడు. చూశావా అక్కా! అన్యరాజు కోరెషును వాడుకున్న దేవుడు, అన్యుని చేతనే ఆమె సంకెళ్లు కోయించాడు. మన సంఘం కుర్రాడు ఎడ్వర్డ్ ఆ వీడియోకు పాట జోడించి ఫేస్‌బుక్‌లో పెడితే ఎక్కడెక్కడి సంఘాలవాళ్లో ఆమెన్, ఆమెన్ అని పంపారు.

కానీ ఆ తర్వాత రెండు ఆదివారాలు వజ్రమ్మ రాలేదు. నిన్న ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరుస్తూ ఆమె కూర్చునే చోటు చూశాను. ఖాళీ. గౌరయ్య ఆపుతున్నాడని నా అనుమానం. చెరువు దగ్గర మెత్తగా కనిపించాడు గానీ, సాతాను ఇంటికెళ్లాకే కదా పని మొదలుపెట్టేది. కనుక్కుని రాయి.

గోదాములో మా సూపర్‌వైజర్ నేను పని చేస్తూ కీర్తన పాడుతుంటే "ఇది చర్చి కాదు" అన్నాడు. యోనాకు చేప కడుపే చర్చి అయింది సార్ అన్నాను. ఆ రోజంతా నన్ను పై అంతస్తుకు డబ్బాలు మోసే పనికి వేశాడు.

నీ తమ్ముడు, సువార్త కోసం గొంతు దాచుకోనివాడు,
అబ్రహాం

*

దేవరయాంజాల్,
20 ఫిబ్రవరి 2025

తమ్ముడు అబ్రహాంకు అక్క దీవెనలు.

ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే, ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనియ్యవు. నేను "అది కాదురా" అనేలోపల యెషయా దగ్గరికి పోతావు. అక్కడి నుంచి తిరిగొచ్చేసరికి నా పొయ్యి మీద అన్నం మాడిపోతుంది. కాగితమైతే నువ్వు మధ్యలో ప్రార్థన మొదలుపెట్టలేవు.

వజ్రమ్మ బయటికి రావడం లేదు. మందిరానికి రాలేదని నువ్వంటున్నావు. ఆమె వాకిలికే రావడం లేదు. నల్లా వచ్చినప్పుడు బిందె గడపలో పెడితే గౌరయ్యే నింపుతున్నాడు. పొద్దుగూకితే ఆయన ఇంట్లో పడుకోవడం లేదు. వాకిట్లో ట్రాలీలో గోనెపట్టా పరుచుకుని పడుకుంటున్నాడు. ఇద్దరి మధ్య మాట లేదు. "కొట్టిండా, తిట్టిండా?" అని నేనే లోపలికి పోయి అడిగాను. వజ్రమ్మ తల అడ్డంగా ఊపి, గోడ వైపు తిరిగింది.

అంతకంటే ఎక్కువ కాగితం మీద పెట్టలేను. ఆడవాళ్లకు అర్థమయ్యే సంగతి. నువ్వొకసారి వచ్చిపో. సంఘాన్ని వెంటేసుకుని కాదు, ఒక్కడివే రా.

నా బిడ్డ కెజియాకు నెలలు నిండుతున్నాయి. కౌకూర్‌లో వాళ్లింటికి నేను ఏ రోజైనా పోవాల్సి రావచ్చు. నీ బీపీ గోళీలు వేసుకుంటున్నావా, లేక వాటి మీద కూడా ఉపవాసమా?

అక్క,
దానమ్మ

*

గుండ్లపోచంపల్లి,
24 ఫిబ్రవరి 2025, సోమవారం

అక్క దానమ్మకు, యుద్ధరంగం నుంచి తమ్ముడి వందనాలు.

నువ్వు కాగితం మీద పెట్టలేనన్నది నాకు ఆత్మలో అర్థమైంది. భర్త ఆమెను ఇంట్లోనే వెలివేశాడు! ఒకే కప్పు కింద పడుకోవడానికి కూడా ఒప్పుకోవడం లేదు! ఆమె నోరు తెరిచి చెప్పలేక గోడ వైపు తిరిగింది. హిజ్కియా కూడా గోడ వైపే తిరిగి ఏడ్చాడు. దేవుడు ఆ కన్నీళ్లు చూశాడు.

నువ్వు నన్ను ఒక్కడినే రమ్మన్నావు. అక్కా, నీలో ఈ మధ్య వేడి తగ్గింది. నులివెచ్చని సంఘాన్ని ప్రభువు నోట్లోంచి ఉమ్మేస్తానన్నాడని నీకు తెలుసు. ఒక ఆత్మ శ్రమలో ఉంటే చాటుగా వచ్చిపోవడం ఏమిటి? సంఘమంతా ఒకరి తర్వాత ఒకరుగా గొలుసు ఉపవాసం మొదలుపెట్టింది. నిన్న నిర్గమకాండం తీసుకుని కఠినమైన హృదయం గురించి చెప్పాను. గొంతు పోయేదాకా చెప్పాను. పేరు ఎత్తలేదు. "దేవరయాంజాల్‌లో ట్రాలీ నడిపే ఒక ఫరో ఉన్నాడు, దేవుని బిడ్డను పోనివ్వడం లేదు" అన్నాను, అంతే. అందరికీ అర్థమైంది. జనం లేచి నిలబడి ప్రార్థించారు. కొత్తగా పెట్టించిన లౌడ్ స్పీకర్ రోడ్డు వైపు తిప్పి ఉంది కాబట్టి కింద టీ కొట్టు దాకా వాక్యం వెళ్లింది. దేవునికి మహిమ.

వజ్రమ్మకు వేరే ఒక చీటీ రాసి సుస్మితకే ఇచ్చాను. ధైర్యం చెప్పాను. వెనక్కి చూసిన లోతు భార్య ఉప్పుస్తంభమైందని గుర్తు చేశాను. ప్రభువు పేరున ఒడ్డున విప్పినవి మళ్లీ మెడలో వేసుకుంటే ఆ బాప్తిస్మం నీళ్లపాలేనని స్పష్టంగా రాశాను. ఆమె నిలబడుతుంది. చూస్తూ ఉండు.

గోళీలు వేసుకుంటున్నాను.

నీ తమ్ముడు, కావలివాడు,
అబ్రహాం

*

దేవరయాంజాల్,
27 ఫిబ్రవరి 2025

అబ్రహాం,

ఇది పూర్తిగా చదువు. మధ్యలో లేచి బైబిల్ తియ్యకు.

ఆదివారం నువ్వు ఫరో అని అరుస్తున్నప్పుడు గౌరయ్య మీ మందిరం కిందే ఉన్నాడు. ట్రాలీ టీ కొట్టు ముందు ఆపి, నీ ప్రసంగం అయిపోతే మెట్లెక్కి నీ దగ్గరికి వద్దామని నిలబడ్డాడు. ఎందుకు వచ్చాడో చెప్తాను. పొద్దున నన్ను అడిగే బయలుదేరాడు. "అక్కా, నా మాట ఇంటలేదు. అయ్యగారు చెప్తె ఇంటది. గాయిననే తోలుకొస్త" అన్నాడు. టీ కొట్టు దగ్గరున్నవాళ్లు ఒకసారి లౌడ్ స్పీకర్‌ను, ఒకసారి ఆయన ట్రాలీని చూశారట. ఇక బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాడు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఫరో అంటె ఎవరు?" అని అడిగాడు.

నేనేం చెప్పాలిరా? ఒక రాజు అని చెప్పాను.

"రాజా? నన్ను రాజన్నడా?" అని ఆ మనిషి కాసేపు నా మొహం చూశాడు. నా మొహంలో జవాబు దొరికినట్టుంది. మళ్లీ అడగలేదు.

ఇప్పుడు నేను కాగితం మీద పెట్టలేనన్న సంగతి పెడుతున్నాను. మనం పుట్టింది సంఘంలో. మనమ్మ మెడలో సిలువ బిళ్ల తీసేస్తే అది ఒక నగ తీసేసినట్టే. వీళ్లకు అలా కాదు. వీళ్లలో మొగుడు చనిపోతే దినాలనాడు ఆడమనిషిని చెరువు కాడికి తీసుకుపోతారు. నీళ్లు పోసి, తెల్లచీర కట్టించి, ఒడ్డున పుస్తెలు తెంపి, మెట్టెలు తీస్తారు. మళ్లీ చదువు. చెరువు, నీళ్లు, తెల్లచీర, ఒడ్డు. నువ్వు ఏం చేశావో ఇప్పుడన్నా కనిపిస్తోందా? అందులో ఒక్కటే తేడా. వాళ్లలో అది మొగుడు పోయాక చేస్తారు. నువ్వు మొగుణ్ని ఎదురుగా నిలబెట్టి, ఆయన ప్లేయర్‌తోనే మెట్టెలు కోయించి, ఆ పుస్తెలు ఆయన చేతిలోనే పెట్టించావు.

వజ్రమ్మకు ఆ పూట తెలియలేదు. నీ గొంతు వింటూ దేవుని భయంలో ఉంది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాక తెలిసింది.

ఆ వారంలోనే కౌకూర్‌లో వాళ్ల చుట్టాల పెళ్లి. అప్పటికే ఎడ్వర్డ్ వీడియో అందరి ఫోన్లలో ఉంది. గౌరయ్య దాయాది, పాలోళ్ల బాలరాజు బంతిలో అందరి ముందు, "ఏందే గౌరన్నా, నీ దినాలెప్పుడైనయే? మాకు చెప్పకపోతివి, బువ్వ పెట్టకపోతివి!" అన్నాడట. అందరూ నవ్వారు. గౌరయ్యా నవ్వాడు. ఆడవాళ్లకు పసుపు కుంకుమ పళ్లెం తిప్పుతున్న పిల్ల వజ్రమ్మ దాకా వచ్చి, ఆమె మెడ చూసి, పక్కామెకు పోయింది. నువ్వు అంటావు, ఎలాగూ ఆమె వద్దనేది కదా అని. అవును, వద్దని తానే చెప్పుకుందామని చెయ్యి అడ్డం పెట్టడానికి సిద్ధంగా ఉందట. ఆ చెయ్యి అట్లే ఒళ్లో పెట్టుకుని లేచి వచ్చింది. అదే ఆఖరు, బయటికి రావడం.

ఆమెను ఎవరూ ఆపలేదు తమ్ముడూ. "ప్రార్థనకు పో, జర మనసు తేలికైతది" అని ఆయనే అంటున్నాడు. ఆ తాడు మళ్లీ కడతానంటున్నాడు కూడా. ఆమె తల అడ్డంగా ఊపుతోంది. కట్టుకుంటే దేవునికి కోపం. కట్టుకోకపోతే మొగుడికి ఏదైనా అవుతుందని భయం. ఆయన ట్రాలీ తీసుకుని పోతే తిరిగొచ్చిన చప్పుడు అయ్యేదాకా ముద్ద మింగదు. వచ్చాక ఆయన మొహం చూడలేకపోతోంది. మధ్యలో నీ చీటీ వచ్చింది. లోతు భార్య! సుస్మిత చదివి వినిపించిందట. అప్పటి నుంచి ఆ కాస్త తెరిచి ఉండే తలుపు కూడా వేసుకుంది.

ఆ రోజు తెల్లచీర చూసినప్పుడే నాకు ఆ దినాలు గుర్తొచ్చాయి. ఏళ్ల తరబడి ఈ వాడలో ఉంటున్నదాన్ని, నాకు తెలుసు. అయినా నోరెత్తలేదు. నీ చేతిలో మైకుంది. తమ్ముడి పరువు అనుకున్నాను.

నువ్వు విప్పించింది నువ్వే వచ్చి కట్టుకొమ్మని చెప్పాలి. నేను చెప్తే వినదు. మొగుడు చెప్తే వినదు. ఆమెకు దేవుని నోరు నువ్వే.

దానమ్మ

*

గుండ్లపోచంపల్లి,
3 మార్చి 2025, సోమవారం

అక్కా,

నీ ఉత్తరం చదవగానే కోపం వచ్చింది. దాచను. జవాబు రాయడానికి వాక్యాలు తీసి పెట్టుకున్నాను. యాకోబు ఇంటివారు చెవిపోగులు తీసి చెట్టు కింద పాతిపెట్టిన అధ్యాయం ఒకటి. బయటి అలంకారం వద్దన్న పేతురు మాట ఒకటి. పేతురుదైతే నాకు కంఠతా వచ్చు. ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీసి గీసి ఆ కాగితం పలుచబడింది. అయినా అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాసి నీకు పంపాలని మూడో అధ్యాయం తెరిచాను.

నేను గీత గీసింది మూడో వచనం. దాని పైన మొదటి వచనం ఉంది. దాని కింద గీత లేదు. వాక్యానికి లోబడని భర్త ఉన్న ఆడమనిషి గురించి అది. ఆయన్ని ప్రసంగంతో కాదు, మాట లేకుండా తన నడవడితోనే గెలుచుకోవాలని చెబుతున్నాడు పేతురు. అంటే ఆ భర్త పోగొట్టుకోవాల్సినవాడు కాదు, గెలుచుకోవాల్సినవాడు. ఆ నగల మాట కూడా ఆ భర్తను గెలుచుకునే దారిలోనే వచ్చింది. ఇన్నేళ్లుగా నేను ఆ గుమ్మం మీదుగా దూకి నేరుగా నగల దగ్గరికి పోయేవాణ్ని. చదువు లేదు, ఎవరూ నేర్పలేదు, ఆత్మే నేర్పాడు అని మైకులో గొప్పలు చెప్పుకున్నాను కదా. రెండు వచనాలు పైకి చూడడం నేర్చుకోలేదు.

తర్వాత ఆ వీడియో తెరిచాను. పాట వినలేక చప్పుడు తీసేశాను. చప్పుడు లేకుండా నన్ను నేను ఎప్పుడూ చూసుకోలేదు అక్కా. ఒక మనిషి చెయ్యి పైకెత్తి నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఎవరి వైపూ చూడడం లేదు. వెనక ఒడ్డు మీద బట్టలు ఉతుకుతున్న ఒకామె, వజ్రమ్మ తాడు విప్పుతుంటే కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది. ఆ ఊరి ఆమె ఎవరో, ఆమెకు కూడా కనిపించింది. గౌరయ్య రెండు చేతులూ దోసిలి పట్టాడు. పెట్టించుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అంగీ జేబులో వేసుకుని, పైన అరచెయ్యి ఆనించి, వీడియో అయిపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. నేనప్పుడు హల్లెలూయా అంటున్నాను. పెదాలు చూస్తే తెలుస్తోంది.

ఎడ్వర్డ్ చేత అది తీసేయించాను. "ఎందుకు అయ్యగారూ, మస్తు మంది చూసిన్రు" అన్నాడు. వాళ్ల ఫోన్లలోంచి తియ్యడం మన చేతిలో లేదన్నాడు.

ఫరో అంటే రాజని చెప్పావు. నీ మొహంలో ఆయన చూసిందే నాకు రాత్రీ పగలూ కనిపిస్తోంది. నాకు సిగ్గుగా ఉంది అక్కా. గోదాములో డబ్బా ఎత్తినప్పుడు సిగ్గు. అన్నం ముద్ద ఎత్తినప్పుడు సిగ్గు. నిన్న ఆదివారం బల్ల నేను విరవలేదు, ఎడ్వర్డ్‌ను విరవమన్నాను. జ్వరమా అని అడిగారు. అవునన్నాను. అదొక అబద్ధం.

నేను రావచ్చా? వాళ్లు గడప తొక్కనిస్తారా?

అబ్రహాం

*

దేవరయాంజాల్,
5 మార్చి 2025

తమ్ముడూ,

కెజియాకు నొప్పులు మొదలయ్యాయని ఫోన్ వచ్చింది. కౌకూర్ పోతున్నాను, సంచి సర్దుతూ రాస్తున్నాను.

నన్ను అడుగుతావేమిటి, గడప నాది కాదు. పోయి నిలబడు. కూర్చోమంటే కూర్చో. పొమ్మంటే వచ్చెయ్.

బైబిల్ ఇంట్లో పెట్టి పో. దేవుని మాట వద్దని కాదురా. చేతిలో అది ఉంటే నువ్వు ఎదుటివాళ్ల మొహం చూడవు. ఎడ్వర్డ్ వద్దు. ప్రార్థన నూనె సీసా వద్దు. జవాబు చెప్పలేని చోట "ప్రార్థన చేసుకుందాం" అని కళ్లు మూసుకోకు. నీకు ఆ అలవాటుంది.

ఈస్టర్ ముందరి శ్రమదినాలు ఇవాళే మొదలు కదా. ఈసారి నీకు మాంసం మానేసే పని లేదు. ఇదే చాలు.

అక్క

*

గుండ్లపోచంపల్లి,
10 మార్చి 2025, సోమవారం

అక్కా,

ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా బాగున్నారని సుస్మిత చెప్పింది. కెజియాకు మామయ్య దీవెనలు చెప్పు. వచ్చి చూస్తాను, కానీ ఇప్పుడే కాదు. ఎందుకో చివర రాస్తాను.

శనివారం మధ్యాహ్నం షిఫ్ట్ దిగి దేవరయాంజాల్ వెళ్లాను. నువ్వు చెప్పినట్టే ఖాళీ చేతులతో. బస్సులో ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గౌరయ్య వాకిట్లో ట్రాలీ చక్రం విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకుని, "రండ్రి అయ్యగారూ" అని కుర్చీ వేశాడు. నాకు కుర్చీ వేశాడక్కా.

కూర్చోలేదు. "గౌరయ్యా, మైకులో నిన్ను అనరాని మాట అన్నాను. తప్పయింది" అన్నాను.

ఆయన మళ్లీ చక్రం దగ్గర కూర్చుని, "నన్నంటె అన్నవు తియ్యి. నాకేమైతది? ఆమె సంగతి జూడు" అన్నాడు. చక్రం బోల్టు తిప్పుతూ, "నేనెదురుంగ వడితె కండ్లు మూసుకుంటది అయ్యగారూ. సచ్చినోడు నడిచొచ్చినట్టు గొడ్తదని దానమ్మక్కతోటి అన్నదంట. అందుకనే బయట పంటున్న. కోపమొచ్చి గాదు" అన్నాడు.

నేను వెలివేత అని ప్రకటించింది దాన్నే. గొలుసు ఉపవాసం పెట్టించింది దాని మీదే.

తలుపు ఓరగా ఉంది. వజ్రమ్మ లోపల నేల మీద కూర్చుంది. గడప దాటలేదు నేను, బయటే మోకాళ్ల మీద కూర్చున్నాను. "అమ్మా, ఆ తాడు కట్టుకో. మెట్టెలు పెట్టుకో. దాని వల్ల నీ బాప్తిస్మానికి ఏమీ కాదు. నేను చీటీలో రాసింది తప్పు" అన్నాను.

తర్వాత లోపలి నుంచే మాట వచ్చింది.

"గప్పుడు దేవుడు తియ్యమన్నడంటిరి. ఇప్పుడు పెట్టుకొమ్మంటున్నడా? పూటకో మాట చెప్పెటోడా ఆయన?"

నా నోట్లో నయమాను సిద్ధంగా ఉన్నాడు అక్కా. తన రాజుతో అన్యదేవుడు రిమ్మోను గుడికి పోవాల్సి వస్తుందని నయమాను చెప్పుకుంటే, నెమ్మదిగా వెళ్లు అన్న ఎలీషా సిద్ధంగా ఉన్నాడు. రిబ్కాకు ప్రార్థన ఫలించాక పెట్టిన ముక్కుపోగు సిద్ధంగా ఉంది. ముగ్గురూ నా తరఫున మాట్లాడడానికి బారులు తీరి నిలబడ్డారు. మింగేశాను. నాకు అంత కష్టమైన పని ఎప్పుడూ రాలేదు.

"గప్పుడు చెప్పింది దేవుడు కాదమ్మా. నేను" అన్నాను.

"మరి ఆయన పేరెందుకు జెప్పిన్రు?"

"నా పేరు చెబితే నువ్వు తియ్యవు కదా. అందుకని."

ఆ మాట అన్నాక నాకే వినిపించింది, నేనేం అన్నానో. తల ఎత్తలేకపోయాను. "నన్ను క్షమించు తల్లీ" అన్నాను.

"ఇప్పుడైతే అనను" అంది. గొంతులో కోపం కూడా లేదు. "క్షమించిన అంటె రేపు మైకుల గదే చెప్తరు. 'వజ్రమ్మ క్షమించింది, హల్లెలూయా' అని అందరితోటి చప్పట్లు కొట్టిస్తరు. నా తాడు విప్పితె ఒక పాట వెడ్తిరి. నా ఏడుపుకు ఇంకొక పాట వెడ్తరు. నేననను."

గౌరయ్య చక్రం దగ్గర నుంచి, "ఏయ్, ఇంటికొచ్చిన అయ్యగారిని గట్లంటరా?" అన్నాడు.

"నువ్వు ఊకో!" అంది లోపలి నుంచి.

అక్కా, ఆయన చేతిలో పానా అలాగే ఆగిపోయింది. నా వైపు చూశాడు. అన్ని రోజుల తర్వాత ఆమె ఆయనతో అన్న మొదటి మాట అదని అప్పుడర్థమైంది నాకు. ఊకోమన్నందుకు అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు.

నేను లేచేముందు ఆమె ఇంకొక్క మాట అంది: "నాకు తలుపు సందుల చెప్తె ఏమొస్తది? యాడ దేవుడన్నడని చెప్పిన్రో ఆడనే చెప్పుండ్రి, మీరన్నరని. నా పేరు తియ్యకుండ్రి."

నిన్న మందిరం నిండా జనం. ఫరో ప్రసంగానికి వచ్చినవాళ్లు ఏమైందో విందామని మళ్లీ వచ్చారు. మైకు పట్టుకున్నాను. నీకు నిజం చెప్పాలి కదా, శనివారం జరిగిందంతా ఒక ప్రసంగంలాగా నా నాలుక మీదికి వచ్చేసింది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఏడవాలో కూడా తెలిసిపోయింది. జనం ఏడుస్తారని తెలుసు. ఆ మాటలన్నీ వదిలేసి రెండే చెప్పాను. "దేవరయాంజాల్ గౌరయ్య ఎవరినీ ఆపలేదు, నేను అబద్ధం చెప్పాను. ఆడవాళ్ల పుస్తెలు, మెట్టెలు తియ్యమన్నది నేను. దేవుడన్నాడని చెప్పడం నా పాపం." చెప్పి కూర్చున్నాను.

ఎడ్వర్డ్ లేచి, "వివరంగా చెప్పుండ్రి అయ్యగారూ, సాక్ష్యం లెక్క" అన్నాడు. లేదన్నాను. "మరి ఇన్నేండ్లు మేం నమ్మిందంతా?" అన్నాడు. ఆయన, ఇంకో రెండు కుటుంబాలవాళ్లు ద్రాక్షారసం కోసం ఆగకుండానే మెట్లు దిగిపోయారు.

అప్పుడు పద్మజ నిలబడింది. నీకు తెలుసు కదా, సంఘం మొదలైనప్పటి నుంచి ముందు వరసలో చాపలు పరిచే మనిషి. ఆమె భర్త రవీందర్ పోయిన ఏడాది చనిపోయాడు. ఆయన ఎన్నడూ మందిరానికి రాలేదు. ఆమె పుస్తెలు కూడా ఆ చెరువు ఒడ్డునే, ఎప్పుడో నేనే విప్పించాను. ఆ సాక్ష్యాన్ని ఎన్ని కూటాల్లో చెప్పానో లెక్కలేదు.

"దేవుడన్లేదా అయ్యగారూ?" అంది.

"లేదమ్మా" అన్నాను.

ఆమె అరవలేదు. ఏడవలేదు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టు మెల్లగా అంది: "మా ఆయన సచ్చేదాక నా మెడ దిక్కు చూడలే. ఎందుకు చూస్తలెవ్వు అని నేనడగలే. దేవునికోసం కదా అని ఊకున్న."

మైకు నా పక్కనే ఉంది. లౌడ్ స్పీకర్ రోడ్డు వైపే ఉంది. నాకొచ్చిన భాష అంతా వెతికాను అక్కా. ఆదికాండం నుంచి ప్రకటన దాకా వెతికాను. ఆమెకు చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. ఆమె నిలబడే ఉంది, నేను చెబుతానని. చివరికి తనే కూర్చుంది.

గౌరయ్య ఇంట్లోనే పడుకుంటున్నాడని ఈ పొద్దున సుస్మిత నేను అడగకుండానే చెప్పింది. వజ్రమ్మ మెడలో ఏముందో నేను అడగలేదు. నువ్వు కూడా రాయకు. అది నేను తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

ఇన్నేళ్లలో ఆ ఒడ్డున నా మాట మీద మెడలు బోసి చేసుకున్న ఆడవాళ్లందరి ఇళ్లూ నాకు తెలుసు. కొందరు సంఘంలోనే ఉన్నారు, కొందరు మానేశారు. గోదాము దిగాక రోజూ ఒక ఇంటికి పోతున్నాను. గడప బయట కూర్చుని, అప్పుడు అన్నది నేనని చెప్పి వస్తాను, అంతే. ఈ సాయంత్రం స్రవంతి ఇల్లు. ఆమె భర్త బతికే ఉన్నాడు. పద్మజ ఇంటికి కూడా పోవాలి. ఆ ఇంటి గుమ్మం ముందు కూర్చుని ఎవరితో కట్టించుకోమని చెప్పాలో తెలియక, అది ఆఖరుకు పెట్టుకున్నాను.

ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకు అక్కా.

అబ్రహాం